శివారు మడికి నీరు

(ధ్యానభాగములు: లూకా 12:42–48, అపొ. కార్య. 20:17–35)



కాలువలు కట్టివేసిన ఈ వేసవి దినములలో మన రైతులు ఊరకుండుట లేదు. బోదెలలో పూడిక తీయుచున్నారు, విత్తనములు చూచుకొనుచున్నారు, ఆకుమడికి ఏ చోటు అనుకూలమో ఆలోచించుచున్నారు. తొలకరి పడిన తరువాత విత్తనముల కొరకు పరుగెత్తువానిని చూచి మన పాలకొల్లు ప్రాంతమున నవ్వనివారుండరు. అయితే శనివారము రాత్రి దీపము ముందు కూర్చుండి, రేపు ఏ వాక్యము చెప్పుదుమా యని బైబిలు తిరగవేయు మమ్మును చూచి ఎవరును నవ్వలేదు. నవ్వవలసినదే.

గత సంవత్సరము నాట్ల దినములలో ఒక తల్లి ఆరాధన ముగిసిన పిమ్మట గుమ్మము దగ్గర నిలిచినది. "అయ్యగారూ, తప్పిపోయిన కుమారుడు ఇంటికొచ్చాడండి, సంతోషమేనండి. మా కూలి డబ్బుల సంగతి బైబిల్లో ఎక్కడా లేదాండి?" అని అడిగినది. ఆమె ఎగతాళి చేయలేదు, తెలిసికొనగోరి అడిగినది. మేము ఇంటికి పోయి ప్రసంగముల నోటుపుస్తకము తీసి చూచితిమి. లూకా 15వ అధ్యాయము మరల మరల వచ్చినది. జక్కయ్య వచ్చెను, 23వ కీర్తన వచ్చెను. ఆమోసు ఒక్కసారియు రాలేదు. చేలు కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతులను గూర్చి యాకోబు తన పత్రిక 5వ అధ్యాయమున పలికిన కఠినమైన మాట మా సంఘము మా నోట వినలేదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో, పొద్దు గ్రుంకకముందే కూలివానికి కూలి ముట్టవలెనని దేవుడిచ్చిన ఆజ్ఞయు వినలేదు. మేము దాచవలెనని దాచలేదు. మనస్సుకు నచ్చినది ఎన్నుకొంటిమి, అంతే. ముందు వరుసలో కూర్చుండు ఆసాములు నొచ్చుకొందురేమోయను జంకు కూడ కొంత ఉండెనని ఒప్పుకొనవలెను.

ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. అక్కడ బయలుదేరిన నీరు ఎన్నో ఊళ్లు దాటి మన వైపు వచ్చును. మనది సముద్రము దాపున కాలువల శివారు. వంతులు లేనియెడల ఏమగునో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. ఎగువ చేను మునుగును, శివారు మడి నెర్రెలు విచ్చును. పరిశుద్ధ గ్రంథములో 66 పుస్తకములున్నవి. ముందుగా వంతు వేసికొనని బోధకుని చేతిలో నాలుగైదు పుస్తకములకే నీరు పారును. హబక్కూకు, విలాపవాక్యములు, ఫిలేమోను ఎండిపోవును. ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పునప్పుడు పౌలు, దేవుని సంకల్పములో దేనిని మీకు చెప్పక మానలేదని నిబ్బరముగా పలుకగలిగెను. మా నోటుపుస్తకము చేత పట్టుకొని మేమట్లు పలుకలేము.

లూకా 12వ అధ్యాయములోని గృహనిర్వాహకుడు తనకు రుచించిన కూర వండుకొనుటకు నియమింపబడలేదు. ఇంటివారికి ఏ వేళ ఏది కావలెనో చూచి వడ్డించుట అతని పని. ముందుగా చూచుకొనక ఇది ఎట్లు జరుగును?

ఇది క్రొత్త పద్ధతి కాదు. 1519 జనవరి 1న జూరిచ్ పట్టణమున జ్వింగ్లీ మత్తయి సువార్తను మొదటినుండి వరుసగా బోధింప నారంభించెను. కాల్విను 1538లో జెనీవానుండి వెళ్లగొట్టబడి 1541లో తిరిగి వచ్చినప్పుడు తన పగను గూర్చి ప్రసంగింపక, తాను ఆపిన వచనము దగ్గరనుండియే మరల మొదలుపెట్టెను. ఏర్పాటు లేనివాడైతే ఆనాడు ఏమి చెప్పియుండునో! మన తెలుగు నేలమీద 1912లో దోర్నకలు బిషపుగా అభిషేకింపబడిన అజరయ్యగారు గ్రామోపదేశకుల కొరకు పాఠములు వ్రాసియిచ్చిరి.

"పరిశుద్ధాత్మ ఆ గడియలోనే మాట ఇచ్చును గదా" అని కొందరందురు. మత్తయి 10వ అధ్యాయము చదివి చూడుడి. ఆ వాగ్దానము అధికారుల యెదుటికి ఈడ్వబడిన సాక్షులకు ఇయ్యబడినది. ఆరు దినములు తీరిక యుండియు పుస్తకము తెరువనివారికి కాదు. శనివారము రాత్రి సహాయము చేయు ఆత్మ ఏప్రిలు నెలలో సహాయము చేయలేడా?

అయితే వ్రాసికొన్న వరుసను విగ్రహముగా చేసికొనరాదు. 1996 నవంబరు 6న తుపాను కోనసీమను కొట్టి కొబ్బరి తోటలను నేలకూల్చెను. అటువంటి వారము తరువాతి ఆదివారమున, పట్టికలో ఉన్నదిగదా యని దశమభాగమును గూర్చి బోధించువాడు కాపరి కాడు. ఆనాడు పట్టిక మడిచి పెట్టవలెను, మరుసటి వారము మరల విప్పవలెను.

కాబట్టి మేమును సంఘ పెద్దలును కూర్చుండి జూన్ మొదలు క్రిస్మసు వరకు ఆదివారములన్నియు వ్రాసితిమి. ఆగమన కాలపు నాలుగు ఆదివారములు ముందే నిర్ణయమైనవి గనుక వాటిని మొదట ఉంచితిమి. నాట్ల దినములలో ఒళ్లు అలసినవారు ఎక్కువసేపు కూర్చుండలేరు. ఆ వారములలో ప్రసంగము చిన్నది, ఆమోసు మాత్రము తప్పదు. తుపానుల కాలమున హబక్కూకు. సార్వా కోతలప్పుడు రూతు, పరిగె ఏరుకొనిన ఆ పరదేశి కోడలు. యాకోబు 5వ అధ్యాయమునకు కూడ ఒక ఆదివారము పెట్టితిమి. ఒక పెద్ద, తాను భూమిగలవాడైయుండియు, "ఉంచండి అయ్యగారూ, మేమూ వినాలి కదండీ" అనెను.

పట్టిక గుడి తలుపు ప్రక్కన అంటించుచున్నాము. ప్రతి ఆదివారము చదువబోవు అధ్యాయము ముందు వారమే ఇంట చదువుకొనవచ్చును. చదువురాని అవ్వలకు మనవలు చదివి వినిపింపవలెను. జూన్ మొదటి ఆదివారము ఆమోసు 1వ అధ్యాయము. కూలి సంగతి అడిగిన ఆ తల్లి ఇంటికి మేమే పోయి ఈ మాట చెప్పి వచ్చితిమి.