గొలుసులా, పలకరింపా?

ధ్యానభాగము: మార్కు 5:1–20



గెరాసేనుల దేశములో ఒకడు సమాధుల నడుమ బ్రదుకుచు, రేయింబవళ్లు అరచుచు, తన దేహమును తానే రాళ్లతో కోసికొనెడివాడు. ఊరివారు గొలుసులతో కట్టి చూచిరి. అతడు వాటిని తెంపివేసెను. వారికి తెలిసిన వైద్యము అంతే.

మన ఇండ్లలోను తన్ను తాను పోగొట్టుకొనినవారు కలరు. ఒక గృహస్థుని తలంచుడి. పగలంతయు చేనిలో కష్టపడి, రాత్రి భోజనమైన పిమ్మట సెల్‌ఫోనులో ఆట మొదలుపెట్టును. ఒక్క ఆటయే యనుకొనినవాడు కోడి కూయువరకు లేవడు. భార్య పిలిచిన విసుగుకొనును. ఆదివారము ఆరాధనకు రాడు. పందెపు ఆటయైనచో పత్తి అమ్మిన సొమ్ము పోవును. పోయినది రాబట్టుటకు అప్పు, అప్పు దాచుటకు అబద్ధము, తుదకు బ్రదుకుమీద విరక్తి.

ఇది వట్టి సోమరితనమని తలంపకుడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ఇదియు చేరినది. ఆటను అదుపుచేసికొనలేకపోవుట, అన్నిటికంటె ఆటకే మొదటి స్థానమిచ్చుట, నష్టము కనబడుచున్నను మానలేకపోవుట దాని గురుతులు. ఆడువారందరును రోగులు కారు. అయితే ఇవి ఏడాదిపాటు సాగి, సంసారమును పనిని చెరుపుచున్నయెడల ఉపేక్షింపరాదు. కొందరు మనోవ్యథను మరచుటకే ఆటలో దాగుదురు.

ఆన్‌లైను పందెపు ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసెను. కంచె అవసరమే. కాని కంచె పశువులను ఆపును గాని పైరు తెగులును మాన్పదు. పందెము లేని ఆటకును మనుష్యుడు దాసుడు కాగలడు.

ఇంటిలో మనము వేయు గొలుసులు వేరు: తిట్టుట, ఫోను పగులగొట్టుట, పదిమందిలో పరువు తీయుట. అతడు వాటినిగూడ తెంపుకొని మరింత చీకటిలోనికి పోవును. ఇట్టివానికి దయ్యము పట్టెనని నేననుట లేదు; ప్రభువు మనుష్యుని చేరిన విధమును చూడుడనుచున్నాను. అందరు తొలగిపోయినచోట ఆయన నిలిచి, పేరు అడిగెను. స్వస్థపడినవానిని తన యింటికి, తనవారియొద్దకు పంపెను.

కావున మనమును వెళ్లి ప్రక్కన కూర్చుందము. "తమ్ముడా, నిద్ర పట్టుచున్నదా? అప్పెంతైనది?" అని మెల్లగా అడుగుదము. రాత్రివేళ ఫోనును, కొంతకాలము ఇంటి డబ్బును భార్యచేతికి అప్పగింపుమని ఒప్పింతము. వైద్యునియొద్దకు తోడు వెళ్లుదము. పౌలు తోడివాడైన లూకాయు వైద్యుడే గదా. ప్రభుత్వపు టెలి మానస్ వారు 14416 నంబరునకు ఫోను చేసినచో ఖర్చులేక మాటలాడుదురు. చావు మాట నోట వచ్చినవానిని ఒక్క గడియయు ఒంటరిగా విడువకుడి. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండి.

సహోదరుడా, ఇది చదువుచున్న నీవే ఆ మనుష్యుడవైతే, నేటి రాత్రియే ఇంటివారితో నిజము చెప్పుము. నిన్ను ఇంటికి పంపువాడు నీ ప్రక్కనే యున్నాడు.

ప్రభువా, మా చేతిలోని గొలుసులను విడిపించి, సహోదరుని చేయి పట్టుకొను కృప దయచేయుము. ఆమేన్.