తూకమూ మనస్సాక్షీ

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఈ వారం వ్యాసానికి కారణం. ఆమె బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని మూడు వారాలు దాటింది. మొదటి పదిహేను రోజుల్లో ఏడు కిలోలు తగ్గింది. ఆ తర్వాత ఆరు రోజులుగా వెయింగ్ మిషన్ మీద ముల్లు కదలలేదు. "ఫాదర్ గారూ, నేనేదో తప్పు చేస్తున్నాను. నిన్నటి నుంచి మధ్యాహ్నం తాగే పెసరకట్టు మానేశాను. శుక్రవారం పూర్తిగా ఉపవాసముండి ఆ కష్టం దేవునికి అర్పిస్తే పుణ్యానికి పుణ్యమూ వస్తుంది, బరువూ కదులుతుంది కదా?" అని అడిగింది.

ఈ ప్రశ్నలో సగం డాక్టరుకు చెందింది. నేను వైద్యుణ్ణి కాను కాబట్టి ఆ సగానికి జవాబు ఆమె ఆపరేషన్ చేసినవారి దగ్గరే దొరకాలి. కాని "తప్పు" అన్న మాట వాడింది చూడండి, అది మిగతా సగం. ముల్లు కదలకపోతే ఆమెకు మొదట తోచింది తన వైపు దోషం ఉందని, తర్వాత తోచింది తనకు తాను శిక్ష వేసుకోవాలని. ఇటువంటి ఆపరేషన్లు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఎక్కువగానే జరుగుతున్నాయి. మన విచారణల్లోనూ చేయించుకున్నవారున్నారు. కనుక ఇది ఒక్కరి ప్రశ్న కాదు.

ముందు శరీరం సంగతి కొంచెం తెలుసుకోవాలి. తెలియకుండా నీతి మాట్లాడితే అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఎక్కువగా చేసేది స్లీవ్ గాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో ముప్పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి, కోసి తీసివేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే సన్నటి గొట్టం. రెండోది గాస్ట్రిక్ బైపాస్. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు 1966లో ఆరంభించిన పద్ధతి తర్వాత ఎన్నో మార్పులు చెంది ఈ రూపానికి వచ్చింది. ఇందులో కోడిగుడ్డు కంటే చిన్న సంచిని మిగిల్చి దాన్ని చిన్నప్రేగుకు కలుపుతారు. ఏది చేసినా మొదటి రెండు వారాలు ద్రవాలే. చారు తేట, పలచటి మజ్జిగ, పెసరకట్టు, నీళ్లలో కలిపిన ప్రొటీన్ పొడి. తర్వాత మెత్తగా రుబ్బినవి. ఆ తర్వాత మెత్తటి ఇడ్లీ, ఉడికించిన గుడ్డు. మామూలు అన్నం, కూరల దగ్గరికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. వారాల లెక్క ఆసుపత్రిని బట్టి కొద్దిగా మారుతుంది.

ఇక ఆ కదలని ముల్లు. కాలేయంలో, కండరాల్లో మన శరీరం చక్కెరను గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి హఠాత్తుగా తగ్గితే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే. దానితో నీరూ పోతుంది, కిలోలు చకచకా పడిపోతాయి. నిల్వ అయిపోయి శరీరం కొవ్వును కరిగించడం మీద పడ్డాక తూకం కొన్నాళ్లు ఆగుతుంది. రెండు, మూడు, నాలుగు వారాల్లో ఇలా ఆగడం ఎంత మామూలంటే దీన్ని 'మూడో వారపు ఆగుదల' అని చెప్పుకుంటారు. ఇందులో ఎవరి దోషమూ లేదు. వానాకాలంలో గోధుమలు ముక్కిపోతే ఎవరూ పాపసంకీర్తనానికి వెళ్లరు కదా.

ఈ సందర్భంలో నాకు జ్ఞాపకం వచ్చేవారు పునీత ఫ్రాన్సిస్ బోర్జియా. స్పెయిన్ దేశంలో గాందియా ప్రభువు, అంతకు ముందు కటలోనియాకు రాజప్రతినిధి. మనిషి చాలా స్థూలకాయుడని చరిత్ర చెబుతుంది. 1546లో భార్య చనిపోయాక ఆయన కఠినమైన ఉపవాసాలు పట్టి ఎంతో చిక్కిపోయారు. యేసు సభలో చేరాలని అప్పటికే నిశ్చయించుకున్నారు. ఆ చిక్కడాన్ని చూసి ఆ సభ స్థాపకులు పునీత లొయోల ఇగ్నేషియస్ గారు మెచ్చుకుని ఉంటారని మనం అనుకుంటాం. 1548 సెప్టెంబరులో ఆయన బోర్జియాకు రాసిన ఉత్తరం మరోలా ఉంది. ఉపవాసాలు తగ్గించమన్నారు. జీర్ణాశయాన్ని బలహీనపరచుకోవద్దు, బలపరచుకోవాలి, శరీరానికి మేలు చేసే ఆహారం తీసుకోవాలి అన్నారు. ఆత్మకే కాదు, శరీరానికి కూడా సృష్టికర్తకు లెక్క అప్పచెప్పాలి అన్నది ఆయన చూపిన కారణం.

ఇగ్నేషియస్ గారికి ఈ మాట పుస్తకాల్లో దొరకలేదు. 1522లో మన్రేసా ఊళ్లో ఉన్నప్పుడు, చెప్పిన పాపాలే మళ్లీ మళ్లీ చెప్పినా మనశ్శాంతి రాక, దేవుడు శాంతి ఇచ్చేదాకా ఏమీ ముట్టనని పంతం పట్టారు. ఆదివారం నుంచి ఆదివారం దాకా ఏమీ తినలేదు. చివరికి పాపసంకీర్తనం వినే గురువు ఉపవాసం విడిచిపెట్టమని ఆజ్ఞాపించాడు. ఆయన విధేయత చూపి తిన్నారు. తన ఉపవాసంతో ఏదో ఒకటి జరిగి తీరాలి అన్న పట్టుదలలో ఉన్న మోసం ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు.

పెసరకట్టు మానేసిన తల్లి విషయంలో నా అభిప్రాయం కూడా ఇదే. ఆమె చేస్తున్నదానికి ఉపవాసమని పేరు పెట్టింది గాని లోపల ఉన్నది తొందర. దేవునికి అర్పిస్తున్నానంటోంది, కళ్లు మాత్రం ముల్లు మీద ఉన్నాయి. ఆమె ప్రస్తుత స్థితిలో నిజమైన త్యాగం మరోటుంది, అది ఉపవాసం కంటే కష్టం. స్లీవ్ ఆపరేషన్‌లో తీసివేసిన భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారవుతుంది. కనుక మొదటి నెలల్లో చాలామందికి ఆకలే తెలియదు. ఆకలి లేకుండా రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కడుపులోకి పంపాలి. లీటరున్నర, వీలైతే రెండు లీటర్ల నీరు గుక్క గుక్కగా, అదీ భోజనంతో కలపకుండా తాగాలి. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ప్రొటీన్ తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. జీవితమంతా "తక్కువ తిను" అని విన్న మనిషికి ఇప్పుడు "చెప్పినంత తిను" అన్నది విధి అయింది. ఆహారాన్ని మందులా తీసుకోవాలని పునీత అగస్టీను వారు తమ ఆత్మకథలో రాసుకున్నారు. అవసరం ఎక్కడ ఆగుతుందో, రుచి ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోలేకపోతున్నానని కూడా అక్కడే ఒప్పుకున్నారు. అంత గొప్ప వేదపండితునికే తేలని లెక్క మనకు మూడు వారాల్లో తేలాలని కోరడం న్యాయం కాదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన మైలో ఉదాహరణ మాకు నేర్పారు. మైలో పేరుమోసిన మల్లుడు. పది పాళ్ల తిండి ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ అయితే మధ్యన ఆరు పాళ్లు అందరికీ సరిపోతుందా? మైలోకు అది చాలదు, కసరత్తు కొత్తగా మొదలుపెట్టినవాడికి అది ఎక్కువ. మితం అనేది వస్తువులో ఉండదు, మనిషిని బట్టి ఉంటుంది. పునీత థామస్ అక్వీనాసు గారు ఈ మాటను స్వీకరించి, దేహారోగ్యాన్ని కూడా ఆహారంలో మితానికి కొలతగా చేర్చారు. మనం పక్కింటివారి కంచాన్ని కొలతగా పెట్టుకుంటాం. అదే ఆపరేషన్ చేయించుకున్న మరొకామె నెలకు పదిహేను కిలోలు తగ్గిందని విని కుంగిపోతాం. ఆమె వయసు వేరు, మొదటి బరువు వేరు, షుగరు వేరు. అరకప్పు కట్టు ఈ తల్లికి ఈ వారం నిండు భోజనం. వచ్చే నెల అదే అరకప్పు చాలదు.

తిండిపోతుతనం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తపస్సు కాలంలో ఆ మాట వినబడగానే గుడిలో తలలు లావుగా ఉన్నవారి వైపు తిరుగుతాయి. (అక్వీనాసు గారే భారీకాయులని ఆనాటివారు చెప్పారు. ఆయన మీద ఎవరూ తల తిప్పిన దాఖలా లేదు.) మహా గ్రెగోరీ పోపుగారు ఈ పాపం ఐదు రకాలుగా వస్తుందని చెప్పారు: వేళ కాకుండా తినడం, ఖరీదైనవే కోరడం, మితిమీరి తినడం, ఆత్రంగా తినడం, అతి నాజూకుగా వండించుకోవడం. ఐదింటిలో పరిమాణం ఒక్కటే. మిగతా నాలుగూ మనసు తిండి చుట్టూ ఎలా తిరుగుతోందో చెప్పేవి. సన్నగా ఉన్నవాడు కూడా వీటిలో పడవచ్చు. బరువు పాపానికి కొలత కాదు. ఇదే మాటను ఆపరేషన్ అయినవారు తమకు అన్వయించుకోవాలి. డాక్టరు రాయమన్న లెక్క రాయడం వివేకం. రోజుకు నాలుగుసార్లు వెయింగ్ మిషన్ ఎక్కి, అంకెను బట్టి ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం మాత్రం పాత బంధకమే కొత్త వేషంలో రావడం. వారానికి ఒకసారి చూసుకుంటే చాలు.

"నోరు కట్టుకోలేక కోయించుకుంది" అని ఇరుగుపొరుగు అనే మాట ఒకటుంది. అది ఆపరేషన్ నొప్పి కంటే ఎక్కువగా బాధిస్తుంది. తీవ్రమైన స్థూలకాయం వ్యాధి. తక్కువ తిన్నకొద్దీ ఆకలి హార్మోన్లు పెరిగి శరీరమే ఎదురుతిరుగుతుంది. ఏళ్ల తరబడి పస్తులుండి, తగ్గి, మళ్లీ పెరిగినవారే ఎక్కువగా ఈ మార్గానికి వస్తారు. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని కోయవచ్చా అని నీతిశాస్త్రం కూడా అడగక తప్పదు. మొత్తం దేహం మేలు కోసం ఒక భాగాన్ని త్యాగం చేయవచ్చునని అక్వీనాసు గారి కాలం నుంచీ శ్రీసభ బోధిస్తోంది, 12వ పయస్ పోపుగారు 1952లో వైద్యులతో మాట్లాడుతూ ఆ సూత్రాన్ని వివరించారు. షుగరు, రక్తపోటు, నిద్రలో ఊపిరాడకపోవడం, మోకాళ్లు అరిగిపోవడం వంటివి ఉన్న మనిషి విషయంలో ఇందులో సందేహానికి తావు లేదు. పెళ్లి ఫొటోల కోసమైతే నా జవాబు వేరు. అయితే కత్తి జీర్ణాశయాన్ని కోస్తుంది గాని కోరికను కోయదు. ఏడాది, రెండేళ్లలో ఆకలి కొంత తిరిగి వస్తుంది. ఆకలి లేని ఈ నెలల్లో నెమ్మదిగా నమిలే అలవాటు, చాలు అనిపించగానే కంచం పక్కన పెట్టే అలవాటు వేళ్లూనాలి. దాన్ని ఏ సర్జనూ కుట్టి పంపలేడు.

ఇంట్లోవారితో ఒక మాట. మనకు ప్రేమంటే కంచంలో మరో ముద్ద. "ఈ ఒక్క ముద్ద తినమ్మా, ఎలా పీక్కుపోయావో చూడు" అని అత్తగారు బతిమాలుతుంది. ఆ ముద్ద లోపల పట్టక వాంతి అవుతుంది. వాంతులు ఆగకుండా కొనసాగితే బి1 విటమిన్ తగ్గి నరాలకు ప్రమాదం రావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. బైపాస్ అయినవారికి ప్రేమతో పెట్టిన అరిసె, సున్నుండ వల్ల చెమటలు పట్టి గుండె దడదడలాడవచ్చు. మూడు నాలుగు నెలలకు జుట్టు ఊడుతుంది, చాలామందికి తర్వాత తిరిగి వస్తుంది. అది చూసి హేళన చేయకండి. కనబడ్డప్పుడల్లా "ఎన్ని కిలోలు తగ్గావు?" అని అడగకండి. భర్తలకు ఇది మరీ ముఖ్యం.

చివరగా చాలామంది సిగ్గుపడి అడగని సంగతులు. శ్రీసభ చట్టం ప్రకారం విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాస నియమం 60వ ఏడు మొదలయ్యేంతవరకు పెద్దలందరికీ ఉంది గాని రోగులకు అది వర్తించదు. ఆపరేషన్ అయి కోలుకుంటున్నవారు రోగులే. ఆ రోజుల్లో కూడా డాక్టరు చెప్పిన ప్రొటీన్ తాగాలి, ఎవరి అనుమతీ అక్కరలేదు. దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తీసుకోకూడదన్న నియమాన్ని నీళ్లు, మందులు భంగపరచవు. వ్యాధిగ్రస్తులు, వృద్ధులు, వారికి సేవ చేసేవారు ఆ గంటలో ఏదైనా తీసుకున్నా సత్ప్రసాదం స్వీకరించవచ్చు. అప్పాన్ని మింగడం కష్టంగా ఉన్న మొదటి వారాల్లో చిన్న తునక చాలు. ప్రతి తునకలోనూ క్రీస్తు ప్రభువు సంపూర్ణంగా ఉన్నారని ట్రెంటు మహాసభ 1551లో ప్రకటించింది. పూజకు ముందు సక్రారి గదికి వచ్చి మీ విచారణ గురువుకు ఒక్క మాట చెప్పండి. వరుసలో చివర నిలబడండి, తునక తుంచి ఇస్తారు. గుక్కెడు నీళ్ల సీసా వెంట తెచ్చుకోండి.