అచ్చయిన తర్వాత

రాతనే నమ్ముకున్నవాళ్లకు తెల్లారుతూనే ఒకటే ఆరా. ఆదివారం అనుబంధానికి పంపిన కథ ఏమైంది? పోయిన నెల వ్యాసానికి పారితోషికం పడిందా? పాలవాడికి, ఇంటి అద్దెకు మాత్రం తారీఖు తప్పదు. అందుకే మన రచయితల్లో చాలామంది ఉద్యోగం చేసుకుంటూనే రాశారు. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్నం బడిలో పాఠాలు చెప్పారు. రాసినవి తక్కువే. అయినా 1966లో అచ్చయిన ‘యజ్ఞం’ కథ మీద వాదన ఇంకా చల్లారలేదు. బస్తాలకొద్దీ రాస్తేనే రచయిత అంటే నేనొప్పుకోను లెండి!

పత్రికలో కథ పడితే ఆ వారం సంబరం. మర్నాటికి అదే కాగితంలో బజ్జీలు. మాస్టారికి ఆ బెంగే పట్టుకుంది. తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథల కోసమే ‘కథానిలయం’ అనే గ్రంథాలయం తెరిచారు. పేరున్నవారివే కాదు, ఒక్క కథ రాసి ఆగిపోయినవారివీ అక్కడ చేర్చారు. 2021లో మాస్టారు వెళ్లిపోయారు, కథలున్నాయి.

మీ అటక మీద పాత పత్రికల కట్టలుంటే, కిలోల లెక్కన తూచి అమ్మేముందు కథానిలయం వారిని ఒకమాట అడగండి.