విప్పేసే హక్కు

ఫ్యాషన్ లోకానికి ఏదో ఒక సీజన్‌లో కూలోడి బట్ట గుర్తొస్తుంది. గని పనోడి ప్యాంటూ, రైలు పనోడి కోటూ తీసుకుని, కుట్టు కొంచెం మార్చి, రంగు కొంచెం మార్చి కొత్త కలెక్షన్ అంటుంది. ఇది శ్రమకి మేమిచ్చే గౌరవం అని కూడా అంటుంది. గౌరవమేనా? ఈ ప్రశ్న మేం అడక్కపోతే ఇంకెవరడుగుతారు?

జీన్స్ సంగతే చూడండి. 1873 మే 20న అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లీవై స్ట్రాస్ అనే బట్టల వ్యాపారీ కలిసి దానికి పేటెంటు పొందారు. పేటెంటు దేనికి? కూలోళ్ల ప్యాంట్లు జేబుల దగ్గర పిగిలిపోకుండా రాగి రివిట్లు కొట్టినందుకు. చిరక్కుండా ఉండటానికే పుట్టిన బట్ట అది. ఇవాళ దాన్నే మోకాళ్ల దగ్గర చించి అమ్ముతున్నారు.

కొత్త బట్టని పాతబట్ట చేయటానికి కూడా కూలోడే కావాలి. టర్కీలో గాలి ఒత్తిడితో ఇసక చిమ్మి డెనిమ్‌ని వెలిసిపోయేట్టు చేసిన కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లో ఆ దుమ్ము చేరింది. సిలికోసిస్. మన పలుగురాళ్ల మిల్లుల్లో చేసినోళ్లకి తెలిసిన జబ్బే. నయం చేసే మందు లేదు. 2009లో అక్కడి ప్రభుత్వం ఆ పనిని నిషేధించింది. అప్పటికే పోయినోళ్లు పోయారు. కష్టపడినట్టు కనపడాలని ఒకడు ముచ్చటపడితే ఇంకొకడి ఊపిరి పోయింది.

మా అమ్మ మిరపకాయలు కొయ్యటానికి పోతూ చీర మీద మా నాయన పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కునేది. ఎండకీ, పురుగుమందుకీ, కాయ మంటకీ అదే అడ్డం. ఆ చొక్కాతో ఏనాడూ చర్చికి పోలేదు, ఆస్పత్రికీ పోలేదు. వాకిట్లోనే విప్పి దండెం మీద వేసేది. నన్ను మాత్రం ఇస్త్రీ చొక్కా లేకుండా కాలేజీకి పోనిచ్చేది కాదు. "కామందు మాసిన పంచె కట్టినా కామందేరా. నువ్వు మాసిన చొక్కా తొడిగితే కూలోడివే" అనేది.

1927లో మహద్‌లో అంబేద్కర్ మన ఆడవాళ్లకి చెప్పిందీ ఇదే. అంటరానితనాన్ని గుర్తుపట్టించే చీరకట్టూ, నగలూ వదిలేయమన్నాడు. మరి మనం మార్చుకుంటే ఊరుకున్నారా? 2012లో తమిళనాడులో ఒక కులపార్టీ నాయకుడు దళిత కుర్రాళ్లు జీన్సూ, టీషర్టూ, చలవ కళ్లద్దాలతో మా ఆడపిల్లల్ని వలలో వేసుకుంటున్నారని అన్నాడు. కూలోడి బట్ట లోకమంతా తిరిగి ఫ్యాషనై వస్తే, అది మళ్లీ మనం తొడిగేసరికి నేరమైపోయింది!

కూలి బట్టని ర్యాంపు ఎక్కించటమే తప్పని నేననను. బట్ట ఎవడి సొత్తూ కాదు. కానీ రెండు మాటలకి జవాబు చెప్పాలి. దాన్ని కుట్టి, ఉతికి, వెలిసేట్టు చేసేవాడి ప్రాణానికి పూచీ ఎవరు? ఆ బట్టలోంచి బయటపడాలనుకునేవాడికి దారేది? షో అవగానే మోడల్ దాన్ని విప్పేస్తాడు. కూలోడు తెల్లారి మళ్లీ తొడుక్కోవాల్సిందే. వాడికీ విప్పేసే హక్కు వచ్చేదాకా ఆ గౌరవం పగటివేషమే.