కడియం వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఈ ఆదివారం కడియం వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. కారు డిక్కీ కూడా ఖాళీ చేయించావట! మొక్కల పిచ్చి మన ఇంటి ఆడపిల్లలకి పుట్టుకతోనే వస్తుంది కాబట్టి వద్దని అనను. కానీ ఏప్రిల్‌లో, అదీ బెజవాడలో, పడమటి ఎండ కొట్టే మేడ మీదకి కొనబోతున్నావు. బయల్దేరేలోగా ఈ నాలుగు ముక్కలూ చదువు.

కడియం, కడియపులంక నర్సరీల్లో మొక్కలు ఎందుకంత కళకళలాడతాయి? కింద గోదావరి ఒండ్రుమట్టి, పక్కనే కాలవ నీళ్ళు, నెత్తిన గ్రీన్ నెట్, పూటపూటా తడిపే మనుషులు. పుణె నుంచో, బెంగాల్ నుంచో, థాయ్‌లాండ్ నుంచో దిగిన మొక్క కూడా ఆ నీడలో పట్టపురాణిలా ఉంటుంది. నీ దగ్గరికొచ్చాక దానికి దక్కేది కాగే శ్లాబు, పిట్టగోడ సెగ.

ఆ నీలంపూల హైడ్రేంజియా మీద నీకింకా మనసుందని తెలుసు. ఊటీలో అది బాగానే పెరుగుతుంది, ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది మరి. అందరూ పగటి ఎండకి భయపడతారుగానీ, నన్నడిగితే ఇలాంటి మొక్కల్ని తినేసేది రాత్రి ఉక్క. పగలు ఆకులో తయారైన చక్కెరని మొక్క రాత్రి ఊపిరి తీసుకుంటూ ఖర్చు పెడుతుంది. రాత్రి చల్లబడితే ఆ ఖర్చు తగ్గి, మిగిలినదానితో వేరూ మొగ్గా వేస్తుంది. మేలో మన దగ్గర తెల్లవారుజామున కూడా 28 డిగ్రీలకు దిగని రోజులుంటాయి. దానికి తోడు, పగలంతా తాగిన ఎండని శ్లాబు అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. సంపాదించినదంతా రాత్రికే కరిగిపోతుంటే చల్లటి చోట పుట్టిన మొక్క ఎన్నాళ్ళు నిలుస్తుంది? వేసవిలో టమాటా పూత రాలిపోతోందని పురుగుమందు కొట్టావు చూడు, అదీ వేడి చేసిన పనే. ఆ వేడికి పుప్పొడి పాడైతే పిందె కట్టదు.

కుండీలో యాపిల్ అని ఎవరైనా ఆశపెడితే నవ్వి ముందుకెళ్ళు. మామూలు యాపిల్ సరిగ్గా పూతకి రావాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు, కొన్ని రకాలకైతే వెయ్యి గంటలు తగలాలి. హిమాచల్ రైతు హరిమన్ శర్మ తీసిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 రకానికి అంత చలి అక్కర్లేదు, నిజమే. చేనున్న రైతు ప్రయత్నించుకోవచ్చు. నీ కుండీకి నిమ్మచెట్టు చాలదూ? లావెండర్ సంగతి ఇంకా అన్యాయం. జమ్మూలో భదర్వా కొండల మీద పండే పంట అది, మన వానాకాలపు ముసురుకి వేరు కుళ్ళి పోతుంది.

పరాయి మొక్కలు వద్దంటున్నాననుకునేవు. కాగితం పూలు దక్షిణ అమెరికావి, బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. ఇవాళ వాటిని ఎవరూ వీసా అడగరు. ఎడారి గులాబీ పుట్టిందే ఆఫ్రికా, అరేబియా ఎండల్లో. నీళ్ళు అతిగా పోసి చంపకపోతే చాలు. మే నెల రాగానే ఎర్రగా, గుండ్రంగా నేలలోంచి లేచే మే పువ్వూ ఆఫ్రికాదే. గడ్డి గులాబీ అయితే ఎండెక్కితేగానీ కళ్ళు తెరవదు. నందివర్ధనం, గన్నేరు, నూరువరహాలు సరేసరి. ఇక మల్లె! మీకు దగ్గర్లోనే మైలవరం చుట్టుపక్కల మల్లెతోటలు మండుటెండల్లోనే విరగబూస్తాయి. చలికాలం చివర్లో కొమ్మలు కత్తిరించి ఆకు దూసేస్తే వేసవికి నీ మేడ మీదా పూస్తుంది. అయినా నీకు కుండీలో ఏదో ఒక వింత కనపడాలి, లేకపోతే తోచదు.

నర్సరీ అబ్బాయిని "ఎండకి ఉంటుందా?" అనడగకు. "ఉంటుందమ్మా" అంటాడు, పాపం వాడి బతుకుతెరువు. ఏ ఊరి నుంచి వచ్చింది, వచ్చి ఎన్నాళ్ళయింది, కిందటి వేసవి ఇక్కడే గడిపిన మొక్క ఉందా అని అడుగు. అలాంటిది కాస్త బక్కగా ఉన్నా, ఆకుల చివర్లు మాడినా, అదే తీసుకో.

తెచ్చిన వెంటనే కుండీ మార్చకు. వేరు కదిలిన మొక్క ఈ ఎండలో తేరుకోవడం కష్టం. తూర్పువైపు నీడలో ఉంచి, మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక మార్చు. మధ్యాహ్నం ఆకులు వాలిపోతే కంగారుపడి చెంబెత్తకు. మట్టిలో వేలు గుచ్చి చూడు. తడి ఉంటే సాయంత్రానికి చాలావరకు అవే లేస్తాయి. పైపులో నీళ్ళు ఆ వేళకి కాగి ఉంటాయి కూడా, పొయ్యాలంటే పొద్దున్నే పొయ్యి. ఎరువు జోలికి మేలో అసలు పోకు.

ఇంత చెప్పినా హైడ్రేంజియా కొంటావని నాకు తెలుసు. కొనుక్కో, ఏప్రిల్‌లో మాత్రం వద్దు. చలికాలంలో మళ్ళీ వెళ్ళి, పిటూనియాలు, చామంతులతో పాటు దాన్నీ తెచ్చుకో. పూలగుత్తి కొన్నాననుకుని మార్చి దాకా చూసుకో, ఆపైన బతికితే నీ అదృష్టం. బేరం మాత్రం నువ్వు ఆడకు, మీ అమ్మని ఆడమను.

మీ అత్తయ్య