భయం ఎవరికి పని చెబుతుంది?

"పెట్రోలు బండి కాదమ్మా, కరెంటుది. స్కూటర్ కూడా కాదు, మోటార్ సైకిలే కొనుక్కుంటా" అంది మా అమ్మాయి, ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటుండగా. దానికి ఇరవై మూడేళ్లు. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి వైపు పల్లెలు తిరిగే ఉద్యోగం. బందరు బస్సు దిగి, లోపలి ఊళ్లకు ఆటో కోసం నిలబడటంలోనే సగం రోజు పోతుంది. డబ్బు తన జీతంలోంచి దాచుకుంది. మమ్మల్ని అడిగింది డబ్బు కాదు, ఒక్క మాట.

మా ఆయన "పేలితే?" అన్నారు. నేను "స్కూటర్ తీసుకోకూడదుటే?" అన్నాను. అప్పటికి రెండూ ఒకే భయంలా వినిపించాయి. రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే వేర్వేరని తెలిసింది.

ఆయన ప్రశ్నకు ఆధారం ఉంది. 2022 ఏప్రిల్‌లో మా విజయవాడలోనే, సూర్యారావుపేటలో, కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని పడకగదిలో ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంటే తెల్లవారుజామున అది పేలింది. భర్త చనిపోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ వారంలోనే నిజామాబాద్‌లో ఇలాగే మరో ప్రాణం పోయింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి ఒక దశ, 2023 మార్చి చివరి నుంచి మరో దశ అమల్లోకి తెచ్చింది. ప్రమాణాలు మారినా, మన ఊళ్లో జరిగినదాన్ని మనసు అంత త్వరగా మర్చిపోదు.

మరి నా ప్రశ్నకు ఆధారం ఏమిటి? సూర్యారావుపేటలో పేలింది స్కూటర్ బ్యాటరీయే కదా. నాకు స్కూటర్ ఎందుకు క్షేమం అనిపించింది? నిజాయితీగా వెతుక్కుంటే జవాబు సిగ్గుపడేలా ఉంది. స్కూటర్ మీద మోకాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చోవచ్చు. మోటార్ సైకిలైతే కాలు ఎత్తి అటు వెయ్యాలి. ఇరవై ఏళ్లుగా క్లాసులో స్త్రీల కథలు పాఠం చెబుతున్న నా నోటి వెంట వచ్చిన మాటకి అసలు అర్థం అది.

సలహాలు ఇంకా వచ్చాయి. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు కరెంటు బండికి లైసెన్సూ, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. "ఆడపిల్లకి అది చాలు వదినా, మెల్లగా పోతుంది" అంది మా ఆడపడుచు. లారీలు దూసుకుపోయే బందరు రోడ్డు మీద అంత మెల్లగా పోవడమే ప్రమాదమని ఎవరికీ తట్టలేదు. "ఛార్జింగ్ అయిపోయేలోగా ఇంటికి రావాల్సిందేగా, అదీ ఒకందుకు మంచిదే" అని ఇంకొకాయన నవ్వారు. అందరం నవ్వాం. పూర్వం గడప ఎంత దూరమో పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు ఆ సంగతి బ్యాటరీ చెబుతుందన్నమాట.

మా అబ్బాయికి పద్దెనిమిది నిండగానే పెట్రోలు బైకు మేమే కొనిపెట్టాం. దుర్గమ్మ కొండ కింద పూజ చేయించి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి, ఫోటో తీసుకున్నాం. వాడి వేగం గురించి విసుక్కునేవాళ్లమే తప్ప, బండి ఉండాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో జరగలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో సుమారు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లు. కొడుకు చేతికి తాళం ఇచ్చిన రోజు కూడా ఆ ప్రమాదం ఉంది. మాకు కనపడలేదు, అంతే.

ఆ లెక్కల్లోనే ఇంకో అంకె దగ్గర ఆగిపోయాను. ఆ ఏడాది హెల్మెట్ లేక చనిపోయినవారిలో 14,337 మంది వెనక సీటులో కూర్చున్నవాళ్లు. వెనక సీటంటే మన సీటు. చీర కుచ్చిళ్లు ఒళ్లోకి లాక్కుని, ఒకవైపుకి తిరిగి, చంకలో బిడ్డతో ఎన్ని వేల మైళ్లు ప్రయాణం చేశామో! వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే రాసి ఉంది. మనం అలా కూర్చోవడం చట్టానికి కూడా తెలుసు. దాన్ని ఏ తండ్రీ, ఏ భర్తా ప్రమాదం అనలేదు. హ్యాండిలు మన చేతికి వచ్చినప్పుడే అందరికీ ప్రమాదం గుర్తొస్తుంది.

మా అమ్మ కూడా ఇలాగే భయపడింది. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో లూనా కొనుక్కుంటానంటే నెల రోజులు మాట్లాడలేదు. పడితే ఏమవుతుందన్నది పైకి చెప్పిన కారణం. పెళ్లి కావలసిన పిల్ల ఒంటిమీద మచ్చ పడితే ఎలా అన్నది లోపలిది. నన్ను ప్రేమించింది, నిజమే. ఆ ప్రేమలోనే పెళ్లి సంబంధాల లెక్క కూడా కలిసిపోయి ఉంది. అమ్మకి ఆ రెండూ విడదీసి చూసుకునే తీరిక లేదు. నాకుంది.

"ఏదన్నా అయితే ఏడ్చేది మనమే కదా" అన్నారు మా ఆయన. ఈ మాటని పితృస్వామ్యం అని ఒక్క ముక్కలో కొట్టిపారెయ్యలేను. ప్రేమించినవాళ్లకి నష్టంలో వాటా ఉంటుంది. పైగా బ్యాటరీ విషయంలో ప్రమాదం దానొక్కదానిదే కాదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిప్పు రేగితే పై అంతస్తుల్లో పడుకున్న పసిపిల్లలది కూడా. అక్కడ 'నా బండి, నా ఇష్టం' చెల్లదు. భయపడే హక్కు మాకుంది. ఆ భయాన్ని దాని కాళ్లకు కట్టే హక్కు ఉందా అన్నదే ప్రశ్న.

చివరికి నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఈ భయం ఎవరికి పని చెబుతోంది? 'పేలితే?' అన్న ప్రశ్న మా అందరికీ పని చెబుతుంది. 'స్కూటర్ తీసుకో', 'చీకటి పడకుండా రా' అన్నవి పిల్లకి మాత్రమే చెబుతాయి. ఆ పని కూడా ఒకటే: తగ్గి ఉండటం. మొదటి రకం భయాన్ని ఉంచుకుని, రెండో రకాన్ని వదులుకోవాలనుకున్నాను. అనుకున్నంత తేలిక కాదు.

తర్వాత నెలంతా పనే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిచూసుకుని, సెల్లార్‌లో విడిగా ప్లగ్ పాయింటు పెట్టించాం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్ నగర్ వీధుల్లో మునిగిన బండ్లు గుర్తొచ్చి, దాన్ని ఎత్తులో బిగించమన్నాం. మంటలంటుకునే సామానంతా అక్కణ్నుంచి తీయించాం. బ్యాటరీ పడకగదిలోకి రాకూడదు, బండి దిగిన వెంటనే వేడి మీద ఛార్జింగ్ పెట్టకూడదు, కంపెనీ ఇచ్చిన ఛార్జరు తప్ప వేరేది వాడకూడదు అని అమ్మాయితో కూర్చుని ఒప్పుకున్నాం. అపార్ట్‌మెంట్ మీటింగులో ఈ సంగతులన్నీ చెప్పి ఒప్పించింది మా ఆయనే. అదే వారం మా అబ్బాయికి ఫోన్ చేసి, వాడి వెనక సీటుకి కూడా హెల్మెట్ కొన్నాడా అని అడిగాను. ఇన్నేళ్లలో మొదటిసారి. "ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు. చెప్పడానికి కొంచెం టైము పట్టింది.

బండి వచ్చింది. మొదటి రోజు కూచిపూడి దాకా వెళ్లింది. పొద్దుపోయింది, ఇంకా రాలేదు. "ఎక్కడున్నావ్?" అని మూడుసార్లు టైపు చేసి చెరిపేశాను. కరెంటు బండి కదా, వచ్చినా చప్పుడు వినపడదు. బాల్కనీలో నిలబడి కింద గేటు వైపే చూస్తూ ఉండిపోయాను. ఎనిమిదింపావుకి లైటు పడింది. ఆ గంటన్నర నాకు పడిన పని అదొక్కటే, నిలబడటం. మరుసటి ఆదివారం నన్నూ ఎక్కమంది. రెండో హెల్మెట్ పెట్టుకుని, చీర కాస్త పైకి దోపుకుని, కాలెత్తి అటు వేసి కూర్చున్నాను.