సగం కోర్టు

వీల్‌చైర్ బాడ్మింటన్ సింగిల్స్‌లో ఆడేది సగం కోర్టే. నిలువుగా చీల్చిన సగం. పైగా నెట్‌కీ షార్ట్ సర్వీస్ లైన్‌కీ మధ్య షటిల్ పడితే అవుట్. ఈ రెండు నియమాలు చెప్తే చాలామంది తలూపి, "పాపం, అంతకంటే ఎలా ఆడగలరులెండి" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ "పాపం"లో ఒక లెక్క దాగుంది: అసలు ఆట ఒకటుంది, అందులోంచి దయతో కొంత తగ్గించి వీళ్ళకి ఇచ్చాం అని. ఈ లెక్క సరైనదేనా?

ఆట ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. చక్రాల కుర్చీ ముందుకీ వెనక్కీ పోతుంది, పక్కకి జరగదు. మామూలు సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు. ఆ వెడల్పంతా ఇచ్చేస్తే ప్రతి పాయింటూ రెండు దెబ్బల్లో అయిపోతుంది. అవతలి పక్కకి కొడితే చాలు. వెడల్పు తగ్గించి పొడవు అలాగే ఉంచారు కాబట్టి ఆటంతా పొడవులోకి వచ్చింది. వెనక గీత దాకా లేపడం, వెంటనే ముందుకు దింపడం, ఎదుటివాళ్ళని ఆ రెండు కొసల మధ్యా తిప్పడం. దెబ్బ కొట్టిన చెయ్యే మరుక్షణం చక్రం తోయాలి. తల మీదుగా పోయే షటిల్ కోసం దాదాపు వెల్లకిలా వాలిపోవాలి, అయినా కొట్టేటప్పుడు ఒళ్ళు సీటుని వదలకూడదు. నెట్ ఎత్తు మాత్రం తగ్గించలేదు. షటిల్ కూడా మారలేదు.

ఈ ఆట పారాలింపిక్స్‌లోకి వచ్చింది టోక్యోలోనే, 2021లో. అక్కడ మహిళల డబ్ల్యూహెచ్-1 విభాగంలో, అంటే కాళ్ళతోపాటు నడుము పైభాగం మీద కూడా పట్టు తక్కువున్నవాళ్ళ విభాగంలో, జపాన్ అమ్మాయి సరీనా సతోమి స్వర్ణం గెలిచింది. 2024లో పారిస్‌లో మళ్ళీ గెలిచింది. 2016లో రోడ్డు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతింది. స్కూల్లో బాడ్మింటన్ ఆడిన పిల్లే. ప్రమాదం తర్వాత ఆమె నేర్చుకున్నది ఇంకో ఆట అని నాకనిపిస్తుంది, కొత్త దూరాలతో, కొత్త ఎత్తుగడలతో.

నియమాలు మార్చడం తగ్గించడమే అంటే మనం చాలామంది పతకాలు వెనక్కి తీసుకోవాలి. సిడ్నీలో 2000లో కరణం మల్లీశ్వరి గెలిచిన కంచు 69 కిలోల విభాగంలోది. పాపం, బరువు తక్కువ కాబట్టి వేరే విభాగం పెట్టి ఇచ్చారని ఎవరైనా అన్నారా? బరువుని బట్టి విభజించడం మనకి న్యాయంగా తోస్తుంది, వెన్నుపాముని బట్టి విభజిస్తే దయగా తోస్తుంది. రెండు చోట్లా తర్కం ఒకటే: పోటీలో తేలాల్సింది ఏదో ముందు నిర్ణయించుకుని, మిగతా తేడాలని వీలైనంత పక్కన పెట్టడం.

మనకి దగ్గర్లో ఇలాంటి క్రీడాజీవితం మానసీ జోషిది. ముంబైలో పెరిగింది, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. 2011 డిసెంబరులో స్కూటర్ మీద ఆఫీసుకి వెళ్తుంటే లారీ గుద్దింది, ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆమె వీల్‌చైర్‌లో ఆడదు. కృత్రిమ కాలుతో నిలబడి ఆడుతుంది, ఎస్‌ఎల్-3 విభాగంలో. కానీ ఆ విభాగం సింగిల్స్‌కీ సగం కోర్టే. 2015 ప్రపంచ పోటీల్లో మిక్స్‌డ్ డబుల్స్ రజతం, 2017లో సింగిల్స్ కాంస్యం. 2018లో హైదరాబాద్ వచ్చి గోపీచంద్ అకాడమీలో చేరింది. 2019 ఆగస్టులో బాసెల్‌లో ఫైనల్లో పారుల్ పర్మార్‌ని ఓడించి ప్రపంచ విజేత అయింది. అదే వారం, అదే ఊళ్ళో పి.వి.సింధు కూడా ప్రపంచ విజేత అయింది. మనలో ఎక్కువమందికి రెండో వార్తే గుర్తుంది.

ఆ తర్వాత వచ్చింది టోక్యో. అందులో మహిళల ఎస్‌ఎల్-3 సింగిల్స్ పెట్టలేదు. ప్రపంచ విజేతకి తన పోటీయే లేదు! పారిస్ నాటికి పెట్టారు, ఆమె ఆడింది, గ్రూపు దశ దాటలేదు. అప్పటికి ఐదేళ్ళు గడిచాయి. ఆటగాళ్ళ జీవితంలో ఐదేళ్ళంటే చిన్న సంగతి కాదు.

కాబట్టి వర్గీకరణ అంటేనే న్యాయం అని నేననను. గీత ఎక్కడ గీసినా దాని పక్కనున్నవాళ్ళకి అన్యాయం జరిగే అవకాశం ఉంటుంది. నా ఉద్యోగంలోనూ ఇలాంటి గీతలు రోజూ గీస్తాం. ఒక అంకె దాటితే ఇటు, దాటకపోతే అటు. ప్రోగ్రాముకి మధ్యలో నిలబడ్డ మనిషి కనపడడు. టోక్యోలోనే డిస్కస్ త్రోలో వినోద్ కుమార్ కాంస్యం గెలిస్తే, మర్నాడు వర్గీకరణ బృందం ఆయన ఆ విభాగంలోకి రాడని తేల్చింది. పతకం పోయింది. విసిరిన దూరం మాత్రం అంతే ఉంది, 19.91 మీటర్లు.

అయినా ఈ కొలతని మనకి బాగా తెలిసిన ఇంకో కొలత పక్కన పెట్టి చూడాలి. సదరం క్యాంపు. వైకల్యం నలభై శాతం ఉందని అక్కడ డాక్టరు రాస్తే పెన్షన్ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి అది నెలకి ఆరు వేలు. చాలా ఇళ్ళు దాని మీద నిలబడ్డాయి, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ వరసలో నిలబడ్డ మనిషి నిరూపించాల్సింది ఒక్కటే, తనేం చెయ్యలేడో. కాస్త బాగా నడిస్తే నష్టం. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంకే ప్రశ్నా ఉండదు. క్రీడలో కూడా ముందు అదే అడుగుతారు, నీకేం రాదు అని. ఆ తర్వాత ఆ జవాబుని పక్కన పెట్టేసి, సరే ఇప్పుడు నీకేం వచ్చో చూపించు అంటారు. శరీరాన్ని రెండు చోట్లా కొలుస్తారు, ఒక చోట కొలత దగ్గరే కథ ఆగిపోతుంది, రెండో చోట అక్కణ్ణుంచి మొదలవుతుంది. మనిషిని లోపం బట్టి విభజించడం తప్పా ఒప్పా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. విభజించాక ఏమడుగుతున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మనం, అంటే చూసేవాళ్ళం, ఆ రెండో ప్రశ్న దాకా వెళ్తున్నామా? ప్రతి ఏడూ డిసెంబరు 3న ఆఫీసు గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతుంది. కాలు లేని అమ్మాయి పరిగెత్తుతుంటుంది, కింద "ఈమెకి లేని సాకు నీకెందుకు?" అని రాసుంటుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఆ వీడియో పంపినవాళ్ళ కాంటీన్‌కి మూడు మెట్లుండేవి, ర్యాంపు లేదు. ఆస్ట్రేలియా జర్నలిస్టు స్టెల్లా యంగ్ వీల్‌చైర్‌లోనే బతికిన మనిషి. 2014లో ఒక ప్రసంగంలో ఈ స్ఫూర్తి వ్యాపారాన్ని ఉతికి ఆరేసింది. వికలాంగుల జీవితాలని మామూలువాళ్ళ బద్ధకానికి మందుగా వాడుకుంటున్నారని ఆమె వాదన. నేనింకో మాట కలుపుతాను. స్ఫూర్తి పొందడం చాలా చవక. చప్పట్లు కొట్టేస్తే ర్యాంపు కట్టే బాధ్యత తీరిపోయినట్టే అనిపిస్తుంది.

మరి గౌరవమంటే ఏమిటి? ప్రమోద్ భగత్ విషయం చూడండి. టోక్యో స్వర్ణ విజేత, ఎస్‌ఎల్-3 పురుషుల్లో. డోపింగ్ పరీక్షల కోసం తానెక్కడుంటున్నదీ తెలియజేయాలన్న నిబంధనని పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పినందుకు పద్దెనిమిది నెలలు సస్పెండ్ చేశారు. పారిస్ పోయింది. ఆయనకి అది ఎంత కష్టమో ఊహించగలను. కానీ "పాపం, ఆయనకి కూడానా" అనని చోటు అదొక్కటే కనిపించింది నాకు. ఏ ఛాంపియన్‌కి వర్తించే నియమమైనా ఆయనకీ వర్తించింది. ఆటగాడిగా చూడటమంటే ఇదీ. బాక్‌హాండ్ బలహీనంగా ఉంటే బలహీనంగా ఉందని రాయడం, చెత్తగా ఆడిన రోజున చెత్తగా ఆడాడనడం. ఓడితే కూడా "అయినా ఆమె విజేతే" అని రాసే పత్రికలు, ఆమె నిజంగా గెలిచిన రోజున రాయడానికి మాట మిగుల్చుకోవు.

పేర్లతో కూడా మనం ఇదే పని చేస్తున్నాం. వికలాంగులు పోయి దివ్యాంగులొచ్చారు, విభిన్న ప్రతిభావంతులొచ్చారు. కింద నుంచి ఎత్తి పైన కూర్చోబెట్టాం. పక్కన కూర్చోడానికి ఇంకా చోటివ్వలేదు.

2020లో బార్బీ కంపెనీ మానసీ జోషి పోలికతో ఒక బొమ్మ చేసింది. ఆమెని సన్మానించడానికి చేసిన ఒక్కటే బొమ్మ. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీ వీల్‌చైర్‌లో ఉన్న బొమ్మనీ, కృత్రిమ కాలున్న బొమ్మనీ మామూలు వరసలో దుకాణాలకి పంపింది. వాటికి పేరూ లేదు, పతకమూ లేదు. ఏ పిల్లైనా డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు. ఈ రెండిట్లో సమానత్వానికి దగ్గరగా ఉన్నది రెండోదే అంటాను.

బొమ్మల సంగతి కొండపల్లి వాళ్ళకి కొంచెం ఎక్కువే తెలుసు. తెల్ల పొణికి చెక్కలో కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అంబారీ ఏనుగూ దశావతారాలూ ఒక పక్క, ఇంకో పక్క ఊరంతా: తాడిచెట్టెక్కే మనిషి, ఎడ్లబండి, తమ పనుల్లో తామున్న ఆడవాళ్ళు. వాళ్ళలో ఎవరూ ఎవరికీ స్ఫూర్తి కాదు. ఊరన్నాక ఉంటారు, అంతే. నేను చూసినన్ని దుకాణాల్లో ఆ ఊళ్ళో మూడు చక్రాల బండి మీద తిరిగే మనిషి మాత్రం కనపడలేదు. నిజం ఊళ్ళలో ఉన్నాడు.

ఛాంపియన్ బొమ్మ చెయ్యమని కాదు నేనడిగేది. ఇప్పుడు బెజవాడ చుట్టుపక్కల పేట పేటకీ ఇండోర్ షటిల్ కోర్టులున్నాయి, గంటకి అద్దెకిస్తారు. గుమ్మం దగ్గర మెట్టు లేనివి ఎన్నో లెక్కపెట్టండి. సతోమి ఆటకి సగం కోర్టు చాలు. ఆ సగం దాకా వెళ్ళే దారే మనం ఇవ్వాల్సింది. అలా వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మనలాగే ఆదివారం పూట వచ్చి, రెండు గేములు ఓడిపోయి, టీ తాగి ఇంటికెళ్ళిపోతారు. వాళ్ళకి ఆ హక్కు కూడా ఉండాలి.